వానాకాలం నాలుగు నెలలూ పారాగ్లైడర్ పైలట్ ఏం చేయాలి? హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు నా జవాబు

మీరు అడిగింది ఇదీ: వేసవిలో మహారాష్ట్రలో పుణె దగ్గరి కామ్‌షేట్ వెళ్లి పీ2 (పైలట్ శిక్షణలో రెండో మెట్టు) దాకా కోర్సు పూర్తి చేశారు, సొంత గ్లైడర్ (మనిషిని మోసే బట్ట రెక్క) కూడా కొనుక్కున్నారు. వానలు మొదలవగానే అక్కడ ఎగరడం ఆగిపోయింది. ఇక అక్టోబర్ దాకా హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఉండాలి, నేర్చుకున్నదంతా మరిచిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది. మధ్యలో తెరిపి ఇచ్చిన రోజు చూసుకుని వికారాబాద్ వైపు ఏదైనా గుట్ట మీంచి దిగొచ్చా అని కూడా అడిగారు.

గుట్ట సంగతి ముందు తేల్చేద్దాం. వద్దు. జూన్, జూలైల్లో నేల మీద గాలి హాయిగా ఉన్నట్టే ఉంటుంది. కిలోమీటరు, కిలోమీటరున్నర ఎత్తుకు పోతే అదే పడమటి గాలి చాలా రోజులు గంటకు 50 కిలోమీటర్లు దాటి వీస్తుంది. మీ ఈఎన్-ఎ (కొత్తవాళ్ల తరగతి) గ్లైడర్ బ్రేకులు, అంటే రెక్క వెనక అంచును లాగే తాళ్లు, పూర్తిగా వదిలేస్తే పోయే వేగం గంటకు 36, 38 కిలోమీటర్లు. గాలికి ఎదురు తిరిగినా మీరు వెనక్కే పోతారు, పోయి గుట్ట వెనకాల సుళ్లు తిరిగే గాలిలో పడతారు. నాలుగు చినుకులు రెక్క మీద పడ్డా ప్రమాదమే. తడిసిన గ్లైడర్ బరువెక్కుతుంది, మామూలు కంటే తక్కువ బ్రేకుకే స్టాల్ అవుతుంది, అంటే ఎగిరే బలం పోయి పడిపోతుంది.

అన్నిటికంటే పెద్ద భయం క్యుములోనింబస్ మేఘాలు, అంటే ఉరుముల వాన తెచ్చే పెద్ద మేఘాలు. 2007 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని మానిల్లా దగ్గర ప్రాక్టీసు చేస్తున్న జర్మన్ పైలట్ ఎవా విస్నియర్‌స్కాను ఇలాంటి మేఘమే లాక్కుని 9,946 మీటర్ల ఎత్తుకు తీసుకుపోయింది. స్పృహ తప్పింది, ఒళ్లంతా మంచు కట్టింది, ఎలాగో ప్రాణాలతో దిగింది. అదే రోజు అదే తుఫానులో చిక్కుకున్న చైనా పైలట్ హె జోంగ్‌పిన్ బతకలేదు. ఇద్దరూ పోటీల స్థాయి పైలట్లు. హిమాచల్ ప్రభుత్వం ఏటా జూలై 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా బీర్ బిల్లింగ్‌లో పారాగ్లైడింగ్‌ను నిషేధిస్తుంది. కామ్‌షేట్ స్కూళ్లూ వానాకాలంలో మూసేస్తాయి. వాళ్లకు డబ్బు వచ్చే పని అదే, అయినా ఆపేస్తున్నారంటే కారణం ఉంది.

ఇక అసలు ప్రశ్న. నన్నడిగితే పైలట్ తయారయ్యేది చాలావరకు ఈ నాలుగు నెలల్లోనే. సీజన్‌లో కొండ ఎక్కే జీపు, రేడియోలో ఇన్‌స్ట్రక్టర్ గొంతు, టేకాఫ్ దగ్గర క్యూ, ల్యాండింగ్ కంగారు, వీటిలోనే రోజు గడిచిపోతుంది. గాలిని తీరిగ్గా చూసే వీలు దొరికేది ఇప్పుడే. పైగా హైదరాబాద్‌లో గాలి బాగా ఆడే నెలలు ఇవే.

మొదటి పని గ్రౌండ్ హ్యాండ్లింగ్, అంటే నేల మీదే నిలబడి రెక్కను గాలికి లేపి అదుపు చేయడం. దీన్ని మించిన సాధన లేదు. ఊరి బయట షాద్‌నగర్ వైపో చేవెళ్ల వైపో ఇంకా ఇళ్లు కట్టని ప్లాట్ల వెంచర్లు బోలెడు ఉంటాయి. వాచ్‌మన్‌ను అడిగి, ఒప్పుకుంటేనే దిగండి. ముందు నేలంతా ఒకసారి నడిచి చూడండి: గడ్డిలో కనపడని హద్దురాళ్లు, ముళ్లకంచె, తాగి పారేసిన సీసా పెంకులు. కరెంటు తీగలు గాలివాటున దగ్గర్లో ఉంటే ఆ స్థలం వదిలేయండి. శంషాబాద్ విమానాశ్రయం, హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాల చుట్టుపక్కల అసలు పెట్టుకోవద్దు. హెల్మెట్ తప్పనిసరి, నేల మీదే ఉన్నాం కదా అని తీసేయొద్దు. గాలి గంటకు 12 నుంచి 18 కిలోమీటర్ల మధ్య నిలకడగా ఉండాలి. 20 దాటితే మూట కట్టేయండి. నల్లటి మేఘం దూరాన కనిపించినా సరే, వాన పడేదాకా ఆగొద్దు. వాన కంటే ముందే దాని కిందినుంచి చల్లటి గాలి విసురుగా వస్తుంది, మనుషులను ఈడ్చుకుపోయేది అదే.

రెక్కను అర్ధచంద్రంలా పరిచి, దానికి ఎదురుగా నిలబడి 'ఎ' రైజర్లు (రెక్క ముందు అంచు తాళ్లు కలిసే పట్టీలు) అందుకోండి. మొదట్లో అందరూ చేతులతో లాగుతారు. చేతులతో కాదు, హార్నెస్‌తో, అంటే ఒంటికి కట్టుకున్న సీటు పట్టీలతో లాగాలి. నడుం బరువును వెనక్కి వేస్తే రెక్క తనంతట తాను లేస్తుంది, చేతులు దారి చూపిస్తే చాలు. లేచేటప్పుడు ఒక చెవి (రెక్క కొస) కిందికి వాలితే బ్రేకు మీదికి పోకండి, ముందు కాళ్లు కదపండి. వాలినవైపు రెండడుగులు వేసి రెక్క కిందికి చేరితే సగం సార్లు అదే సర్దుకుంటుంది. గాలి విసురు ఎక్కువై మిమ్మల్ని ఈడ్చుతుంటే వెనక రైజర్లు రెండూ గట్టిగా కిందికి గుంజండి, రెక్క చప్పబడి వెనక్కి పడిపోతుంది. ఇది మొదటి రోజే పదే పదే చేసి చూసుకోవాలి. ఆపడం వచ్చాకే లేపడం.

ఇది కుదిరాక రెక్క వైపు చూడటం మానేయండి. ముందుకు తిరిగి, చూపు దూరంగా ఏ తాటిచెట్టు మీదో నిలిపి, రెక్కను నెత్తి మీద నిలబెట్టండి. ఎడమ తొడ దగ్గర పట్టీ వదులైందంటే ఎడమవైపు రెక్క బలం తగ్గిందన్నమాట. బ్రేకులో బరువు తగ్గిందంటే రెక్క ముందుకు దూకబోతోందన్నమాట. కళ్ల కంటే ముందు తుంటికి తెలియాలి. కామ్‌షేట్‌లో మొదటిసారి థర్మల్‌లోకి, అంటే పైకి లేచే వేడి గాలిలోకి వెళ్లినప్పుడు మిమ్మల్ని నిలబెట్టేది ఈ స్పర్శే. వారానికి ఒక ఉదయం గంటసేపు చాలు. నాలుగు నెలలు వదలకుండా చేస్తే అక్టోబర్‌లో మీ టేకాఫ్ చూసి ఇన్‌స్ట్రక్టర్ అడుగుతాడు, ఎక్కడ ఎగిరావని.

గడ్డి తడిగా ఉంటే చేయకండి. చేశాక రెక్క ఏమాత్రం చెమ్మగా అనిపించినా ఇంట్లో ఫ్యాన్ కింద, ఎండ తగలకుండా ఆరబెట్టాకే మడవండి. దాచేటప్పుడు గట్టిగా నొక్కి చుట్టొద్దు, సంచిలో వదులుగా ఉంచండి. కారు డిక్కీ, బాల్కనీ, గోడకు చెమ్మ దిగే బీరువా పనికిరావు. మన ఇళ్లలో వానాకాలం బట్టలకే బూజు పడుతుంది, ఇక నైలాన్ రెక్క సంగతి చెప్పేదేముంది. మడిచే ముందు రెక్కలోని గదుల్లోపల పురుగులు ఉన్నాయేమో దులిపి చూడండి. ఒక్క మిడత ఇరుక్కుపోయినా బయటపడటానికి బట్ట కొరికేస్తుంది. లైన్లు (రెక్కను పట్టి ఉంచే తాళ్లు) డైనీమా అనే దారంతో చేసిన గ్లైడర్ అయితే ఇంకో సంగతి. బరువు తక్కువ పడే వెనక లైన్లు వాడకంతో, చెమ్మతో మెల్లగా కురచబడతాయి. కొన్ని మిల్లీమీటర్ల తేడాకే రెక్క మందగిస్తుంది, స్టాల్‌కు దగ్గరవుతుంది. కంటికి కనపడదు. మీ గ్లైడర్ మాన్యువల్‌లో తనిఖీ గడువు ఎంత రాసి ఉందో చూసి, గడువు దగ్గర పడితే ఇప్పుడే పంపించేయండి. సీజన్ ముందు అందరూ ఒకేసారి పంపిస్తారు.

రిజర్వ్ పారాచూట్ తిరిగి ప్యాక్ చేయించడానికీ ఇదే అదను. పంపే ముందు ఒక పని చేయండి. ఇంట్లో ఉయ్యాల కొక్కెం గట్టిది ఉంటే హార్నెస్‌ను దానికి తగిలించి కూర్చోండి. కళ్లు మూసుకుని రిజర్వ్ హ్యాండిల్ అందుకోవడం అలవాటు చేసుకోండి. చేయి తిన్నగా అక్కడికే పోయేదాకా చేయండి. తర్వాత ఇంకొకరిని ఉయ్యాలను అటూ ఇటూ గట్టిగా ఊపమని చెప్పి, నిజంగానే లాగి విసిరేయండి. ఎంత బలం కావాలో అప్పుడే తెలుస్తుంది. నిజంగా అవసరం పడిన రోజు ఆలోచించుకునే టైం ఉండదు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది: హుస్సేన్ సాగర్. మనల్ని కొండ దించేసిన ఆ వానాకాలపు గాలే అక్కడ తెరచాప పడవలకు సీజన్ తెస్తుంది. హైదరాబాద్ సెయిలింగ్ వీక్, మాన్‌సూన్ రెగట్టా లాంటి పోటీలు జూలై, ఆగస్టుల్లోనే జరుగుతాయి. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్, సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్ ఉన్నాయి, వెళ్లి నేర్పుతారేమో అడగండి. పారాగ్లైడర్ పైలట్‌కు సెయిలింగ్ అంత త్వరగా అబ్బే విద్య ఇంకొకటి లేదని నా నమ్మకం, ఎందుకంటే తెరచాప కూడా నిలబెట్టిన రెక్కే. నేర్చుకోవడం కుదరకపోతే ట్యాంక్‌బండ్ మీద నిలబడి చూసినా లాభమే.

సాయంత్రం ఐదింటికి ట్యాంక్‌బండ్ రెయిలింగ్ దగ్గర నిలబడండి. గాలి పడమర నుంచి, నెక్లెస్ రోడ్ వైపు నుంచి, నీళ్ల మీదుగా మీ మొహానికి కొడుతుంది. నీటి మీద ముదురు రంగు మచ్చలు పరుగెత్తుతూ వస్తుంటాయి. ప్రతి మచ్చా ఒక గాలి విసురు. అది పడవను తాకే క్షణానికి ముందే పడవలో ఉన్న మనిషి బయటికి వాలి తాడు వదులుతాడు. మచ్చ రాకముందే వాలినవాడు ముందుకు పోతాడు, వచ్చాక వాలినవాడు తడబడతాడు. కొండ మీద టేకాఫ్ దగ్గర గడ్డి ఊగడం చూసి మీరు చేయాల్సింది కూడా సరిగ్గా అదే. ఇప్పుడు అవతలి గట్టు దగ్గరి నీళ్లు చూడండి. అక్కడ భవంతులు, చెట్లు దాటి దిగిన గాలి గనుక నీటి మీద గీతలు ఒక వైపుకు ఉండవు, ఒకచోట నున్నగా, ఒకచోట గజిబిజిగా కనిపిస్తాయి. ఇవతలికి వచ్చేకొద్దీ గాలి సర్దుకుంటుంది. కొండ వెనకాల ఎందుకు ఎగరకూడదో మీ కోర్సులో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు కదా, ఆ బొమ్మే ఇక్కడ నీటి మీద కనిపిస్తుంది. సంజీవయ్య పార్కులో 291 అడుగుల స్తంభం మీద జెండా ఉంటుంది. అది పూర్తిగా చాపుకుని రెపరెపలాడుతుంటే కింద చెట్ల ఆకులు మెల్లగా కదులుతుంటాయి. నేలకు దగ్గరయ్యేకొద్దీ గాలి తగ్గుతుందనీ, ల్యాండింగ్ చివర్లో గ్లైడర్ ఒక్కసారిగా కిందికి జారేది అందుకేననీ కళ్లారా చూడటానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

ఆకాశం చదవడానికి రోజూ పది నిమిషాలు కేటాయించండి. ఫోన్‌లో నేల మీది ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలో ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రత) చూడండి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి 125తో గుణిస్తే, దూదిపింజల్లాంటి క్యుములస్ మేఘాల అడుగు నేలనుంచి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉంటుందో సుమారుగా వస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండ, 15 డ్యూ పాయింట్ ఉంటే మూడు వేల మీటర్ల పైమాట. జూలైలో 30, 22 ఉంటే వెయ్యి మీటర్లే. లెక్క కట్టి, తలెత్తి చూసి సరిపోల్చుకోండి. బేగంపేట నుంచి వాతావరణ శాఖ వదిలే బెలూన్ పంపిన కొలతలు అమెరికాలోని వ్యోమింగ్ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో అందరికీ దొరుకుతాయి. ఎత్తు పెరిగేకొద్దీ గాలి దిక్కు, వేగం ఎలా మారాయో ఆ గ్రాఫ్‌లో చూసి, ఆ మధ్యాహ్నం మేఘాలు ఎటు జరుగుతున్నాయో గమనించండి. చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టిందేమో కూడా చూడండి. దగ్గర గుడి అయితే దూరం వాన, దూరం గుడి అయితే దగ్గర వాన అంటారు మన పల్లెల్లో. ఆ పెద్ద వలయం కట్టేది చాలా ఎత్తులో ఉండే పల్చటి మంచు మేఘాల వల్ల, చిన్న వలయం నీటి బిందువుల మేఘాల వల్ల. మాట పుట్టించినవాళ్లు ఆకాశం బాగానే చూశారు.

గద్దలను చూడటం మాత్రం మానొద్దు. వాన వెలిసి ఎండ కాసిన మధ్యాహ్నం ఖాజాగూడ రాళ్ల వైపు వెళ్లండి. తడి నేల ఇంకా చల్లగా ఉండగానే నల్ల బండలు వేడెక్కుతాయి. మొదటి గద్ద తిరగడం మొదలుపెట్టేది ఆ బండల మీదే. అది రెక్క కొట్టడం ఎప్పుడు ఆపిందో చూడండి, థర్మల్ అక్కడ తగిలిందన్నమాట. తిరిగే వలయం గాలివాటున ఎంత జరుగుతోందో చూడండి. ఒకవైపు తిరిగేటప్పుడు పైకి లేచి, రెండోవైపు కాస్త జారితే, తర్వాతి చుట్టు లేచినవైపుకు జరుపుకుంటుంది. ఆ సర్దుకునేటప్పుడు చీలిన తోకను చుక్కానిలా మెలేస్తుంది, రెక్కలు మాత్రం దాదాపు కదలవు. మనం బ్రేకులు ఎంత ఎక్కువ పీకుతామో అప్పుడు అర్థమవుతుంది. సెప్టెంబర్ వచ్చేసరికి పసుపు తూనీగలు గుంపులుగా ఎగురుతాయి. వీటిలో ఒక జాతి మన దేశం మీదుగా హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా దాకా పోతుందని పరిశోధకులు చెప్తున్నారు, అదీ ఎత్తులో వీచే గాలిని పట్టుకుని. అంత చిన్న ప్రాణి చేస్తున్న క్రాస్ కంట్రీ, అంటే దూర ప్రయాణం అది!

ఒంటి సంగతి క్లుప్తంగా. మోకాళ్లు, చీలమండలు గట్టిగా ఉండాలి, ల్యాండింగ్‌లో దెబ్బ తినేవి అవే. గ్లైడర్ సంచి బరువుకు తగ్గట్టు పన్నెండు, పదిహేను కిలోలు వీపున వేసుకుని అనంతగిరి అడవిలో నడవండి. మూసీ పుట్టే చోటు, వానాకాలంలో పచ్చగా, చల్లగా ఉంటుంది. భువనగిరి కోట బండ ఎక్కడం కూడా మంచిదే. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ పొందింది ఆ బండ మీదే. తడిగా ఉన్న రోజు మాత్రం పోవద్దు, జారుతుంది. వాన రోజుల్లో ఔటర్ పక్కన పైకప్పు ఉన్న సైకిల్ ట్రాక్ ఉంది, 23 కిలోమీటర్లు. ఎదురుగాలిలో తొక్కి చూస్తే గంటకు పది కిలోమీటర్ల తేడా అంటే ఏమిటో కాళ్లకు తెలుస్తుంది.

బీర్ వెళ్లే ఆలోచన ఉంటే ఈలోపు హామ్ రేడియో (ఆసక్తి కొద్దీ వాడుకునే సొంత రేడియో) లైసెన్సు పరీక్షకు చదవండి. అక్కడ పైలట్లు వీహెచ్‌ఎఫ్ రేడియోలు వాడతారు, లైసెన్సు ఉంటే దర్జాగా మాట్లాడొచ్చు, లోయలో దిగిపోయిన రోజు అదే ఆధారం. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మన హైదరాబాద్‌లోనే ఉంది. ప్రథమ చికిత్స కోర్సు కూడా ఒకటి చేసేయండి.

సాధన అని పేరు పెట్టలేని సంతోషాలు కూడా ఉన్నాయి, వాటిని పక్కన పెట్టకండి. ఆరుద్ర కార్తెలో తొలి వానలకు ఎర్ర మట్టి మీద మఖమల్ లాంటి ఆరుద్ర పురుగులు తిరుగుతుంటే పిల్లలతో కలిసి చూడండి. నెక్లెస్ రోడ్ మీద బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తుకు నిమ్మచెక్కతో ఉప్పు, కారం రుద్దించుకుని తినండి. పొగ ఎటు పోతోందో ఎలాగూ చూస్తారు, ఆ అలవాటు ఇక పోదు. ఆషాఢం గాలికి గాలిపటం ఎగరేయండి, నూలు దారంతోనే. నైలాన్ మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది, అది పక్షుల గొంతులు కోస్తుంది. గాలిపటం దారంలో తెలిసే లాగుడు, వదులు, బ్రేకు తాడులో తెలిసేదానికి చాలా దగ్గర.

తంగేడు పూసి బతుకమ్మ ముగిసేసరికి కామ్‌షేట్ కొండలు తెరుస్తారు. మొదటి రోజు నేరుగా పై టేకాఫ్‌కు పోకుండా కింది వాలు మీద రెండు మూడు ఎగురుళ్లు చేయండి. నాలుగు నెలలు ఎగరలేదని ఇన్‌స్ట్రక్టర్‌కు ముందే చెప్పండి. హార్నెస్ పట్టీలు ఈసారి మీ ఒంటికి సరిపోతున్నాయో లేదో చూసుకోండి, వానాకాలం మిరపకాయ బజ్జీల ప్రభావం అందరి మీదా ఉంటుంది. గ్లైడర్ మోడల్, కొన్న సంవత్సరం రాస్తే లైన్ల తనిఖీ గురించి ఇంకాస్త వివరంగా చెప్తాను.